ఫ్రమ్ మండే: ఘంటారవ వ్యాఖ్యా సహితం

అవతారిక

మాది మెదక్ దగ్గర పల్లె. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు పండితుడిగా ప్రతిపదార్థాలు రాయించి రాయించి, రిటైరయ్యాక కూడా ఆ తెగులు వదలని వాణ్ణి. పెళ్లి పత్రిక చేతికొచ్చినా ముహూర్తం కంటే ముందు అన్వయం చూస్తాను. మా ఊరికి కాస్త దూరంలోనే కొల్చారం ఉంది. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఊరు అదే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నా వల్ల కాదు.

నిన్న శనివారం మనవణ్ణి చూసిపోదామని హైదరాబాద్ వచ్చి, కూకట్‌పల్లిలో వాడుండే హాస్టల్లో దిగాను. వాడు ఇంజినీరింగ్ రెండో ఏడు. గదిలో నాలుగు మంచాలు, నలుగురు పిల్లలు, ఒక ఫ్యాను, గోడ నిండా తగిలించిన ప్యాంట్లు. ఆ ప్యాంట్ల మధ్య, సరిగ్గా మావాడి తలగడ పైన, జిరాక్స్ కాగితం వెనకవైపు నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో రాసిన గ్రంథమొకటి అంటించి ఉంది. స్కేలు పెట్టి గీతలు కొట్టారు. అంకెల చుట్టూ పెట్టెలు కట్టారు. ఇది గీయడానికి ఎంతసేపు పట్టిందని అడిగితే రెండున్నర గంటలన్నాడు. అంటే ఆరుంబావు గడియలు. ఇంత శ్రమపడ్డ గ్రంథానికి వ్యాఖ్యానం లేకపోవడం అన్యాయమనిపించి పూనుకున్నాను. భారవి కావ్యానికి మల్లినాథుడు రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. నాది అలారం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఘంటారవం.

మూలం

ఫ్రమ్ మండే. స్ట్రిక్ట్.
5:00 లేవడం – పక్కా.
5:15 – 7:00 డీఎస్, పోమొడోరో.
7:00 – 7:45 ఫ్రెషప్, టిఫిన్.
7:45 – 5:30 కాలేజ్. బస్సులో రివిజన్.
5:30 – 6:00 రెస్ట్.
6:00 – 8:30 కోడింగ్.
8:30 – 9:00 డిన్నర్.
9:00 – 11:00 రికార్డ్, పెండింగ్.
11:00 స్లీప్.
సండే – బ్యాక్‌లాగ్.
నో ఫోన్, అవసరమైతే తప్ప.

ఇవి పన్నెండు సూత్రాలు. సూత్రమంటే అక్షరాలు తక్కువ ఉండాలి, సందేహం ఉండకూడదు. మొదటి లక్షణం పుష్కలంగా ఉంది.

ఫ్రమ్ మండే. స్ట్రిక్ట్.

ప్రతిపదార్థం: ఫ్రమ్ = నుండి; మండే = సోమవారము; స్ట్రిక్ట్ = కఠినముగా. 'ఆచరింపబడును' అని క్రియను అధ్యాహారం చేసుకోవాలి, ఎందుకంటే గ్రంథం మొత్తంలో ఎక్కడా సమాపక క్రియ లేదు.

కావ్యం మొదట ఆశీస్సు గానీ, నమస్కారం గానీ, వస్తునిర్దేశం గానీ ఉండాలి. ఇతను మూడోది పట్టుకున్నాడు. మంచిదే. చిక్కంతా 'మండే' దగ్గర. ఏ మండే? తేదీ లేదు. కాగితం అంచులు పసుపెక్కాయి, అంటించిన టేపు మీద దుమ్ము పేరుకుంది. దసరా సెలవుల నుంచీ ఉందని పక్క మంచం పిల్లవాడి వాదం. ఇది పూర్వపక్షం. కర్తనే అడిగాను. "వచ్చే మండే తాతా" అన్నాడు. కాబట్టి ఇక్కడ మండే అనేది వారం పేరు కాదు, ఎప్పటికీ రాబోయే కాలం పేరు అని సిద్ధాంతం.

ఇంకో దారిలో చూస్తే ఇది తెలుగు మాటే. మండు ధాతువుకు తద్ధర్మ విశేషణం మండే. మండే కట్టె, మండే ఎండ. అయితే విశేషణం పక్కన విశేష్యం కనబడదు. మండేదేమిటో కవి చెప్పలేదు. తెల్లవారి ఐదింటికి లేచి చూసినవాడికి తనంతట తనే తెలుస్తుంది, కళ్లు. శ్లేష కుదిరింది. కవి ఎరిగి చేసింది కాకపోవచ్చు, కానీ వ్యాఖ్యాతలు బతికేది అలాంటివాటి మీదే.

పంచాంగం చూసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి మరొక మాట. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. మావాడు కాలేజీ బస్సులో ఉండే వేళ సరిగ్గా అదే.

5:00 లేవడం – పక్కా.

ప్రతిపదార్థం: 5:00 = బ్రాహ్మీ ముహూర్తపు చివరి పాదమందు; లేవడం = శయ్యను విడుచుట; పక్కా = నిస్సందేహముగా.

బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. ఆరింటికి పొద్దు పొడుస్తుందనుకుంటే 4:24 నుంచి 5:12 వరకు. అంటే కవి తనకు పన్నెండు నిమిషాల వెసులుబాటు ఉంచుకున్నాడు. మావాడి ఫోనులో స్నూజ్ తొమ్మిది నిమిషాలది. ఒకసారి నొక్కితే 5:09, ముహూర్తం ఇంకా ఉంది. రెండోసారి నొక్కితే 5:18, బ్రహ్మదేవుడు వెళ్లిపోయాడు.

ఇది ఊహించి రాసింది కాదు. ఈ తెల్లవారి కళ్లారా చూశాను. ఐదింటికి అలారం మోగింది. మావాడు కదల్లేదు. కిటికీ పక్క మంచం పిల్లవాడు, కళ్లు తెరవకుండానే, రెండు మంచాల మధ్య సందులోంచి చెయ్యి చాచి, తలగడ కింద తడిమి, మావాడి ఫోను నోరు నొక్కి మళ్లీ పడుకున్నాడు. చీకట్లో ఒక్క తడబాటు లేదు. ఎన్నాళ్ల సాధన ఉంటే చేతికి ఆ దారి తెలుస్తుందో! అలారం పెట్టినవాడు ఒకడు, మేలుకున్నవాడు ఇంకొకడు. వ్యాకరణంలో దీనికి పేరు లేదు.

పక్కా అనే మాట సంస్కృతంలో పక్వం, ప్రాకృతంలో పక్క, హిందీ దారిన మనకు పక్కా. పండినది, ఉడికినది అని అర్థం. అయితే ఇక్కడ పాఠభేదం ఉంది. మాట మొత్తం నీలి రంగులో ఉంది, చివరి దీర్ఘం మాత్రం ఎరుపులో ఉంది. కనక అది తర్వాత చేర్చిన దీర్ఘం. మొదటి పాఠం 'లేవడం – పక్క' అయి ఉండాలి. పక్క అంటే పడక. లేవడమనేది పక్క మీదనే జరిగే వ్యవహారమని అప్పుడు అర్థం. లేదా, లేవడాన్ని పక్కన పెట్టడమైనది అనీ చెప్పుకోవచ్చు. రూమ్మేట్లు ముగ్గురూ ఈ చివరి అర్థమే సమంజసమన్నారు. బహుసంఖ్యాకుల పాఠాన్ని కాదనలేను.

5:15 – 7:00 డీఎస్, పోమొడోరో.

డీఎస్ అంటే డేటా స్ట్రక్చర్స్ అట. పోమొడోరో ఏమిటని అడిగితే మావాడు ఉత్సాహంగా లేచి కూర్చున్నాడు. నిన్నటి నుంచీ వాడు నిటారుగా కూర్చోవడం అదే మొదలు. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే కాలేజీ కుర్రాడు చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే గడియారం పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడట. ఆ గడియారం టమాటా ఆకారంలో ఉండేది. ఇటలీ భాషలో టమాటాను పోమొడోరో అంటారు. ఇరవై ఐదు నిమిషాలు చదువు, ఐదు నిమిషాలు విరామం. అదీ పద్ధతి.

విని నేను మనసులో లెక్క వేసుకున్నాను. మన గడియ ఇరవై నాలుగు నిమిషాలు. అడుగున సన్నని చిల్లున్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలేవారు. నీరెక్కి గిన్నె మునిగితే ఒక గడియ గడిచినట్టు. గంట కొట్టి ఊరికి చెప్పేవారు. మోగేదాన్నీ, అరవై నిమిషాలనూ మనం ఒకే మాటతో గంట అంటున్నది ఉత్తినే కాదు. రాగి గిన్నెకూ రామములగ పండుకూ తేడా ఒక్క నిమిషం. ఈ మాట మావాడితో అంటే, "అవునా తాతా, అంటే మనోళ్లే కనిపెట్టిన్రా?" అన్నాడు. లేదు నాయనా, మనిషి బుర్ర ఎక్కడైనా అంతసేపే నిలుస్తుందేమో అన్నాను. వాడికి మొదటి సమాధానమే నచ్చింది.

సూత్రంలో విరోధం ఒకటుంది. ఆ టమాటా ఇప్పుడు ఫోనులో ఉంటుంది. పన్నెండో సూత్రం ఫోను వద్దంటోంది. దాని సంగతి అక్కడ చూద్దాం.

7:00 – 7:45 ఫ్రెషప్, టిఫిన్.

ఫ్రెషప్ అన్నది ఏకపదమా సమాసమా అన్న చర్చ వదిలేస్తున్నాను. ముఖ్యమైనది వేరే ఉంది. డీఎస్‌లో క్యూ అనే పాఠం ఉందట. ముందు చేరినవాడు ముందు బయటికి పోవాలి. ఆ పాఠం చదివిన నలుగురూ పొద్దున్నే ఒకే స్నానాలగది ముందు నిలబడతారు. అక్కడ క్యూ ధర్మం నడవదు. తలుపు ముందు ముందురోజు రాత్రే బకెట్ పెట్టినవాడు ముందు. గీజరు వేడినీళ్లు రెండు బకెట్లకు సరి. మూడోవాడు చన్నీళ్లకు జడిసి, ఇంకాసేపాగితే నీళ్లు కాగుతాయని ఆగుతాడు. నాలుగోవాడు మొహం కడుక్కుని పోతాడు. కింద మెస్సులో కంచాల దొంతర ఉంటుంది. దాన్ని డీఎస్‌లో స్టాక్ అంటారట. పైన పెట్టిన కంచమే ముందు చేతికొస్తుంది. అది మాత్రం శాస్త్ర ప్రకారం నడుస్తోంది.

ఇక్కడే ఈ గ్రంథపు నాయకుడెవరో నాకు తెలిసింది. ఐదు నుంచి పదకొండు వరకు పద్దెనిమిది గంటల్లో, లేచిన పావుగంట తప్ప, ఎక్కడా ఖాళీ లేదు. 7:00కి పుస్తకం మూసిన క్షణానే ఒంటి మీద నీళ్లు పడాలి. 7:45కి టిఫిన్ చివరి ముద్ద మింగుతూ బస్సులో ఉండాలి. ఈ నాయకుడు మెట్లు దిగడు. చెప్పులు వెతుక్కోడు. లైనులో నిలబడడు. వాడికి జలుబు చెయ్యదు, స్నేహితుడి పుట్టినరోజు రాదు, కరెంటు పోదు. ధీరోదాత్తుడిలో కూడా ఇన్ని గుణాలు చెప్పలేదు లాక్షణికులు. మా మనవడు ఈ కాగితం తన కోసం రాసుకోలేదు. తన పేరు పెట్టుకున్న ఇంకెవరి కోసమో రాశాడు. ఆ ఇంకొకడు ఈ గదిలో ఉండటం లేదు.

7:45 – 5:30 కాలేజ్. బస్సులో రివిజన్.

రివిజన్ అంటే మరల చూచుట. బస్సులో కూర్చున్నవాడు కిటికీలోంచి రోజూ చూసిన రోడ్డునే మరల చూస్తాడు కనక మాట సార్థకం. పోను గంటంబావు, రాను గంటన్నర. ఆ దారిలో మేలుకున్నవాడు డ్రైవరొక్కడేనని పిల్లలందరి ఏకాభిప్రాయం. తాత్పర్యమేమంటే, ఐదింటికి లేవని నిద్ర ఎనిమిదింటికి బస్సులో వసూలవుతుంది.

ఇంత ప్రయాసపడి ఎందుకు పోవాలి? అటెండెన్సు. జేఎన్‌టీయూ నియమాల ప్రకారం 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే అనారోగ్యం లాంటి కారణం చూపించి, రుసుం కట్టి కండొనేషన్ పొందాలి. అది మన ప్రాయశ్చిత్తమే. పాపానికి పరిమాణం, దానికి దక్షిణ, రెండూ నిర్ణయమై ఉన్నాయి. 65 కిందికి పడితే డిటెయిన్. దానికి ప్రాయశ్చిత్తం లేదు, ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే. ఎమ్-1 అనే లెక్కల పేపరు తప్పిన మావాడు ఈ లెక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అరవై క్లాసులకు నలభై ఐదు పోవాలి, పదిహేను ఎగ్గొట్టొచ్చు, పన్నెండు అయిపోయాయి, మూడు మిగిలాయి. ఆ మూడూ ఎప్పుడు వాడాలో కూడా నిర్ణయమైంది. గదిలో నలుగురూ ఒకేసారి వాడతారట. సమయపాలన రానివాళ్లని వీళ్లను ఎవరంటారు?

రెస్ట్, కోడింగ్, డిన్నర్

రెస్ట్ అరగంట, అంటే గడియంబావు. కోడింగ్ రెండున్నర గంటలు. ల్యాప్‌టాప్ తెరిస్తే అది అప్‌డేట్ అవుతూ ఉంటుందని, ఆ గిరగిర తిరిగే చుక్కలు చూస్తూ రెస్టు పొడిగించుకుంటారని వినికిడి. డిన్నర్ సుగమం. ఆదివారం రాత్రి అయితే చికెన్, అది మరీ సుగమం.

9:00 – 11:00 రికార్డ్, పెండింగ్.

రికార్డంటే ల్యాబులో చేసిన ప్రయోగాన్ని చేత్తో రాసే పెద్ద పుస్తకం. చేయని ప్రయోగాన్ని కూడా. రాత్రి మావాడు రాస్తుంటే పక్కన కూర్చున్నాను. ఎడమ పక్క సీనియర్ రికార్డు, కుడి పక్క మావాడిది. ఆరో ప్రయోగం, లింక్డ్ లిస్టు. ప్రోగ్రాము భాష నాకు రాదు గానీ అక్షరాలు చూడటం వచ్చు. అంతటా ప్రింట్‌ఎఫ్ అని ఉన్న మాట ఒక్కచోట టకారం పోయి ప్రిన్‌ఎఫ్ అయింది. మావాడూ అలాగే దించుతున్నాడు. తప్పు కదరా అన్నాను. "సీనియర్‌ది అట్లనే ఉంది తాతా. ఆయనకిచ్చిన సీనియర్‌ది కూడా అట్లనేనట" అన్నాడు. అలా రాస్తే ప్రోగ్రాము నడుస్తుందా అంటే నడవదన్నాడు. కింద అవుట్‌పుట్ మాత్రం నడిచినట్టే ఉంది, దాని కింద ఎర్ర సిరాతో సంతకమూ ఉంది.

నాకు బ్రౌన్ దొర గుర్తొచ్చాడు. వేమన పద్యాల రాతప్రతులు పోగుచేసి, పండితుల్ని కూర్చోబెట్టి, ఒకదానితో ఒకటి పోల్పించి 1829లో అచ్చు వేయించాడాయన. ఒకే తప్పు రెండు ప్రతుల్లో కనబడితే రెండింటికీ తల్లి ఒకటేనని లేఖక సంప్రదాయం చెబుతుంది. ఈ కాలేజీ రికార్డులన్నీ ముందేసుకుని కూర్చుంటే, పోయిన ఆ టకారాన్ని పట్టుకుని మూలపురుషుడి దాకా వెళ్లొచ్చు. వారానికి ఆరు గడియలు ఇలా నకలు రాయడంలో పోతున్నాయి. ఈ కాలం ఎవరి ఖాతాలో రాయాలి? పిల్లవాడి సోమరితనం ఖాతాలోనా?

పెండింగ్ అంటే వేలాడుచున్నది. అసైన్‌మెంట్లు. ఇచ్చి పదిహేను రోజులైంది, రేపు చివరి తేదీ, నేడు మొదలు. పనికి ఎంత గడువిస్తే అంతకంతా అది పెరుగుతుందని పార్కిన్‌సన్ అనే ఇంగ్లండు ఆయన 1955లో ఎకనమిస్ట్ పత్రికలో రాశాడు. పనిలేని ముసలావిడకు మేనకోడలికి ఒక కార్డు రాయడానికి రోజంతా పడుతుందని ఆయన ఉదాహరణ. పనిలేని ముసలాయన గోడ మీది కాగితానికి వ్యాఖ్య రాస్తే ఎంతసేపు పడుతుందో ఆయన చెప్పలేదు.

11:00 స్లీప్.

రాత్రి ఒంటిగంటంబావుకు దీపం ఆర్పారు. పై సూత్రాలన్నీ ఈ ఒక్కదాని మీద వచ్చి పడ్డాయి. ఇక విస్తరించను.

సండే – బ్యాక్‌లాగ్.

లాగ్ అంటే మొద్దు. తెల్లవాళ్ల దేశంలో చలికి గదిలో పొయ్యి వేసుకునేవారు. ఆ పొయ్యిలో అన్నిటికంటే వెనక పెట్టే పెద్ద మొద్దును బ్యాక్‌లాగ్ అనేవారు. ముందు పుల్లలు భగ్గున మండి బూడిదైపోతాయి, వెనక మొద్దు రాజుకుంటూ ఉంటుంది. మా ఇళ్లలో ధాన్యం ఉడకేసే పెద్ద పొయ్యిలో పెట్టే తుమ్మ మొద్దు అలాంటిదే, ఊదినా మండదు, నీళ్లు చల్లినా ఆరదు. తప్పి మిగిలిపోయిన ఎమ్-1 కూడా అంతే. మొదటి సెమిస్టరు నుంచి రాజుకుంటోంది.

ఈ సూత్రం మీద నాకు కోపమే ఉంది. వేదపాఠశాలల్లో అనధ్యయనమని ఒక ఏర్పాటు ఉంది. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి లేదా అమావాస్య. పక్షానికి నాలుగు, నెలకు ఎనిమిది రోజులు. ఆనాడు కొత్త పాఠం చదవకూడదు. సెలవు దయాధర్మంగా ఇచ్చింది కాదు, చదివితేనే దోషం. పుస్తకం ముట్టనందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. మావాడి గ్రంథంలో ఏడు రోజుల్లో ఒక్క అనధ్యయనం లేదు. ఉన్న ఒక్క ఆదివారం నెత్తిన మొద్దు పెట్టాడు. ఇవాళ ఆదివారం. వాడు బట్టలుతికాడు, కటింగు చేయించుకున్నాడు, కింద గల్లీలో క్రికెట్ ఆడాడు. ఎమ్-1 పుస్తకాన్ని పొద్దున బ్యాగులోంచి తీసి మంచం మీద పెట్టాడు, మధ్యాహ్నం పడుకోవడానికి అడ్డమని మళ్లీ బ్యాగులో పెట్టాడు. ఆడినంతసేపూ మొహంలో దొంగతనం చేసినట్టు ఒక కళ. ఎంచక్కా ఆడుకునే పిల్లవాణ్ణి కాగితం దొంగను చేసింది.

నో ఫోన్, అవసరమైతే తప్ప.

మొదటి సగం ఉత్సర్గం, రెండో సగం అపవాదం. సామాన్య విధి చెప్పి మినహాయింపు చెప్పడం శాస్త్ర మర్యాదే. మినహాయింపులు విధిని మింగకుండా చూసుకోవాలి. ఏమేమి అవసరాలని అడిగాను. క్లాసు గ్రూపులో క్లాసు ప్రతినిధి పెట్టే మెసేజీలు, నోట్సు పీడీఎఫ్, అటెండెన్సు ఎంతుందో చూసుకోవడం, క్యాంటీన్లో పదిహేను రూపాయల టీకి స్కాను, ఓటీపీ, టమాటా గడియారం, రాత్రి దీపం ఆర్పాక టార్చి. ఇంకేం మిగిలింది వద్దనడానికి? "రీల్స్ తాతా" అన్నాడు. మిగతా పనుల కోసం తెరిచిన తలుపులోంచే అవీ వస్తాయి.

ఈ విషయంలో పిల్లవాణ్ణి ఒక్కమాట అనే అర్హత నాకు లేదు. ఓ పద్యం పాఠం సరిచూద్దామని పోయిన వారం ఫోను తీసి, ఎవరో అవధానంలో సమస్య పూరిస్తుంటే చూసి, దాని కిందే ఇంకొకటి వస్తే అదీ చూసి, తల ఎత్తేసరికి పొయ్యి మీద పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది. పద్యం ఏదో ఇప్పటికీ గుర్తు రాలేదు.

ప్రక్షిప్త విచారం: కాగితం అంచున, పెట్టెల బయట, పెన్సిలుతో సన్నగా '9:40 అమ్మ' అని ఉంది. రంగు లేదు, పెట్టె లేదు, స్ట్రిక్ట్ లేదు, పక్కా లేదు. రాత్రి రికార్డు రాస్తూ రాస్తూ ఆ టకారం లేని మాట దగ్గరే పెన్ను ఆపి, ఫోను తీసుకుని మెట్ల మీదికి పోయాడు. గడియారం చూశాను, 9:41. వచ్చేసరికి పదింబావు. రూమ్మేట్లను అడిగితే రోజూ అంతేనన్నారు. పరీక్ష ముందురోజు కూడా. సంపాదకులు దీన్ని ప్రక్షిప్తమని కొట్టేయవచ్చు. నేను కొట్టేయలేదు.

గద్య

ఇది శ్రీమన్మల్లినాథసూరి గ్రామ పరిసర వాస్తవ్య, విశ్రాంత తెలుగు పండిత ప్రణీతంబైన ఘంటారవాఖ్య వ్యాఖ్యానంబునందు సర్వంబు నేకాశ్వాసము...

ఇంతవరకు రాసేసరికి వెనక నుంచి మావాడు తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "ఏం రాస్తున్నవ్ తాతా, నీ మెదక్ బస్సు ఆరింటికన్నవ్ గద?" అన్నాడు. చేతి గడియారం చూసుకున్నాను. ఆరూ ఇరవై ఐదు. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే, నా సంచి తీసుకుపోయి మళ్లీ మంచం కింద పెట్టాడు.

"మండే పోదువు తియ్ తాతా" అన్నాడు.